స్వరం: కల్పలత

సోమవారం పొద్దున ఖుష్నుమా వచ్చేసరికి కొత్త బోర్డు బిగించి ఉంది. నక్షత్రశాల తలుపు పక్కన, ఇన్నాళ్ళూ ఆట వేళలు రాసిన పలక వేలాడిన చోట, నల్లగా నిగనిగలాడే రేకు మీద బంగారు రంగు అక్షరాలు. అన్నిటికన్నా పైన ప్రదర్శన పేరు, ‘షటిల్ తర్వాత మనిషి’. దాని కింద నిర్మాణం ట్రస్టు వారిది, దర్శకత్వం మేనేజరు రాఘవేందర్‌ది, శబ్దం ఎవరిదో స్టూడియోది. ఆఖరి వరుసలో ‘స్వరం: కల్పలత’.

భుజం మీది సంచీ దించకుండానే ఆమె ఆ వరుస మళ్ళీ చదివింది. కల్పలత ఎవరో ఆమెకు తెలియదు. ఆ కేంద్రంలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి ట్రస్టు పెద్దల దాకా కల్పలత అనే మనిషి లేదు. స్వరం మాత్రం తనది. అందులో అనుమానం లేదు.

కార్ఖానా బస్తీ దాటి బొల్లారం వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఆ చిన్న విజ్ఞాన కేంద్రంలో, ఆకాశం చూపే తెలుగు ఆట అంటే ఖుష్నుమాయే. గుమ్మటం కింద చీకట్లో, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో వెలుగు బాణం వేసే టార్చి పట్టుకుని, నిలబడి చెప్పేది. వెనక మిషను దగ్గర కలీముల్లా బొమ్మలు మార్చేవాడు. పోయిన నెల కొత్త డిజిటల్ ప్రొజెక్టరు దిగింది. పాత మిషనుతో పాటు ఆమె మైకునూ మూలన పెట్టారు. “ఎన్నేండ్లని నిలవడి చెప్తరు మేడమ్, జెర రెస్టు తీసుకోన్రి” అని రాఘవేందర్ ఆమెను టికెట్ కౌంటరులో కూర్చోబెట్టాడు. ఆమె పాత రికార్డింగు ఒకటి కలీముల్లా దగ్గర దొరికితే స్టూడియోకిచ్చి శుభ్రం చేయించి, బయట కొన్న వీడియోకు అతికించాడు. కౌంటరు కుర్చీ దాకా ఖుష్నుమా ఓర్చుకుంది. మనిషి బయట కూర్చున్నా గొంతు లోపలే ఉందిగదా అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ గొంతుక్కూడా వేరే పేరు పెట్టారు.

సంచీతోనే ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. రాఘవేందర్ మంచివాడే. కోపంగా మాట్లాడటం ఎవరూ చూసి ఎరగరు. ఎవర్నయినా చిన్నబుచ్చాల్సి వస్తే ముందు ఒక నవ్వు నవ్వి, టీ తాగుతారా అని అడిగి, ఆ తర్వాత చిన్నబుచ్చుతాడు.

“రాన్రి మేడమ్. బోర్డు సూసిన్రా, ఎట్లుంది?”

“మంచిగుంది సార్. కల్పలత ఎవరు?”

“ఎవ్వరు లేరు మేడమ్.” నవ్వాడు. “డిజైన్ చేసెటాయన స్వరం కాడ పేరడిగిండు. తెలుగు షో గదా, తెలుగు పేరుంటే మంచిగుంటదని పెట్టిచ్చిన. ఉత్తగనే. చాయ్ తాగుతరా?”

“నాది ఏం పేరు సార్?”

“అరె, గట్ల కాదు మేడమ్. మీ గొంతుల నాకేం డౌట్ లేదు. మీ అసొంటి తెలుగు నాకే రాదు. కాని రేపు పేరెంట్స్ వస్తరు, స్పాన్సర్లు వస్తరు. తెలుగు షోకి ఖుష్నుమా అని ఉంటే, ఏందీ, డబ్బింగా అనుకుంటరు. మీరు పరేషాన్ గాకున్రి, పైసలల్ల ఏం ఫరక్ రాదు.”

జనగామలో పుట్టి, తెలుగులో ఏడ్చి, తెలుగులో ఎమ్మే చదివిన మనిషికి ఎదురుగా కూర్చుని తెలుగు పేరు అంటే ఏమిటో చెబుతున్నాడు. ఖుష్నుమాకు ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద ఉన్న టీ కప్పు తీసి ఆ ఇస్త్రీ చొక్కా మీద పోస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్ళముందు కనిపించింది కూడా. పొయ్యలేదు. “సరే సార్” అని బయటికి వచ్చేసింది.

ఆ పూటే స్టాఫు అందరికీ కొత్త ప్రదర్శన వేసి చూపించారు. ఖుష్నుమా కుర్చీలో కూర్చోకుండా తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది. దీపాలు ఆరాయి. తలమీద ఆకాశమంతా తెరుచుకుంది. పాత మిషను వేసే చుక్కలు వీటి ముందు నిజంగానే పేదవి. ఆ సంగతి ఆమె ఒప్పుకుంది. అంతలో ఆమె గొంతు మొదలైంది. ఇప్పటిదానికన్నా సన్నగా, ఎవరో వెనక తరుముతున్నట్టు కాస్త తొందరగా ఉంది.

‘ముప్ఫై ఏళ్ళు అమెరికా వాళ్ళ ఈ షటిల్ ఓడలు మనుషుల్ని అంతరిక్షంలోకి మోశాయి. రెండు ఓడలు తమలో ఉన్న మనుషులతో సహా పోయాయి. మిగిలినవాటిని మ్యూజియాలకు తోలారు. ఓడ ముసలిదైతే మ్యూజియంలో పెడతాం. మరి పైకి పోవాలన్న కోరికను ఎక్కడ పెడతాం?’

అది తన మాటే. ఆ రోజుల్లో ఆ మాట దగ్గర పిల్లలు చప్పుడు చేయకుండా వినేవాళ్ళు. ఖుష్నుమా కళ్ళు చెమ్మగిల్లాయి. గుమ్మటం మీద ఆఖరి షటిల్ ఇంకా తెల్లవారక ముందే రన్‌వే మీద దిగి ఆగింది. తర్వాత బొమ్మ మారింది. తెల్లటి కొత్త కాప్స్యూల్ ఒకటి మెల్లగా వచ్చి అంతరిక్ష కేంద్రానికి అతుక్కుంది. తలుపు తెరుచుకుంది. నలుగురు మనుషులు తేలుతూ లోపలికి వచ్చారు. వాళ్ళలో ఒకరి భుజం మీద మన జెండా ఉంది.

ఆ బొమ్మ మీద గొంతు చెబుతోంది: ‘ఇక కేంద్రానికి మనిషి చేరాలంటే రష్యా వాళ్ళ సోయుజ్ ఒక్కటే దారి. వేరే ఓడ లేదు. మన దేశం మాట ఎత్తకండి. మన మనిషి ఒకప్పుడు వెళ్ళొచ్చాడు. మళ్ళీ ఎవరన్నా వెళ్తారో లేదో చెప్పగలిగేవాళ్ళు లేరు.’

ఖుష్నుమా గోడ మీంచి వీపు తీసి నిటారుగా నిలబడింది.

ఇవి ఎప్పటి మాటలు! షటిల్ ఓడలు ఆగిపోయిన మరుసటేడు చెప్పినవి. ఆనాడు అక్షరాలా నిజం. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీ వాళ్ళ కాప్స్యూల్ మనుషుల్ని మోయడం మొదలుపెట్టింది. మొన్నమొన్న మన మనిషి కూడా అందులోనే కేంద్రానికి వెళ్ళి వచ్చాడు. మన సొంత ఓడలో పంపడానికి మనుషులు శిక్షణలో ఉన్నారు. ఇవన్నీ ఖుష్నుమా చెబుతూనే వచ్చింది. ఆమె చెప్పే పద్ధతే అది. పొద్దున బస్సులో పేపరు చదివేది, అందులో ఉన్నది మధ్యాహ్నం ఆటలో కలిపేది. బొమ్మలు పాతవే, మాట మాత్రం ఆనాటిది. ఏ పూట కూర ఆ పూట వండినట్టు. రాఘవేందర్ ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఒక్క ఆటకూ మొదలు నుంచి చివరి దాకా కూర్చోలేదు. ముఖ్య అతిథులు వచ్చినప్పుడు లోపలికి వచ్చి, ఫోటో దిగి, వెళ్ళిపోయేవాడు. అతని లెక్కలో ఆట అంటే సినిమా. ఒకసారి తీస్తే తీసినట్టే.

దీపాలు వెలిగాయి. రాఘవేందర్ చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. అతను వాచ్‌మన్‌ను అడిగాడు, తోటమాలిని అడిగాడు, ఎట్లుంది ఎట్లుంది అని. ఖుష్నుమా పక్కనుంచే వెళ్ళాడు గాని ఆమెను అడగలేదు.

అందరూ పోయాక, ఆమెను ఆపా అని అక్కలా పిలిచే కలీముల్లా దగ్గరికి వచ్చాడు. అతని మొహం పాలిపోయింది.

“ఆపా, ఆ రికార్డింగ్ శానా పాతదాపా. సౌండ్ చెక్ కోసం రికార్డ్ జేసుకున్న అప్పట్ల. సార్ అడిగితే అదే ఇచ్చిన. ఇట్లయితదని నాకేమెరుక?”

“నువ్వేం జేసినవ్‌లే కలీం.”

“సార్‌కి జెప్తవా మరి? ఓపెనింగ్ శనివారమే గదా. నువ్వు ఒక్క పూట కూసుండి చెప్తే మల్ల రికార్డ్ జేసేయొచ్చు.”

“నేనెందుకు జెప్పాలె?” అంది ఖుష్నుమా. బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది. “తప్పు జెప్పింది కల్పలత గదా. ఆమెనే సూసుకుంటది.”

చాలా రోజుల తర్వాత ఆమెకు మనసారా నవ్వు వచ్చింది. శనివారం ముఖ్య అతిథి ఎవరో ఆమెకు తెలుసు. గ్రూప్ కెప్టెన్ సదాశివ. వైమానిక దళంలో డాక్టరుగా పనిచేసి రిటైరై బొల్లారంలోనే ఉంటున్నాడు. మన ఓడలో పైకి పోవడానికి ఎంపికైన వాళ్ళ గుండెలూ ఊపిరితిత్తులూ పరీక్ష చేసిన వాళ్ళలో ఆయన ఒకడు. ‘మన దేశం మాట ఎత్తకండి’ అనే మాట ఆయన చెవిన పడాలి. ‘కల్పలత ఎవరు?’ అని ఆయన అడగాలి. అప్పుడు రాఘవేందర్ ఏ నవ్వు నవ్వుతాడో తను తలుపు దగ్గర నిలబడి చూడాలి.

ఆ సాయంత్రం బొల్లారంలో ఇంటికి వెళ్ళేసరికి తల్లి అక్బర్ బీ గడప దగ్గర కూర్చుని పుంటికూర తెంపుతోంది. ఖుష్నుమా పక్కన కూర్చుని ఒక కట్ట అందుకుని, జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆకులతో పాటు కాడలు కూడా గిన్నెలో వేసింది. అక్బర్ బీ ఆ కాడలు ఏరి పారేస్తూ వింది.

“పేరు మార్చిండా? నిన్నడగకనే?”

“అడిగితే ఇస్తనా అమ్మా?”

“మీ నాయన ఆ పేరు పెడ్తానంటే మీ నాయనమ్మ లడాయి వెట్టుకుంది, ఎవరికి నోరు తిరుగదని. అయినా పెట్టిండు.” అక్బర్ బీ చేతిలో ఆకు పక్కన పెట్టింది. “చెప్పకు బిడ్డా. పడనీ. అందరి ముంగట పడనీ.”

“పిల్లలు సుత సూస్తరమ్మా రేపటి సంది. స్కూళ్ళకు ఫ్రీగ ఏస్తున్నరు.”

“పిల్లలదేముంది, ఇయ్యాల వింటరు, రేపు మర్శిపోతరు” అంది అక్బర్ బీ. ఖుష్నుమాకు కావాల్సిన మాట అదే. దాన్ని పట్టుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మంగళవారం నుంచి స్కూళ్ళు రావడం మొదలైంది. ఖుష్నుమా కౌంటరులో కూర్చుని ఉచిత పాసుల మీద ముద్ర కొట్టి లోపలికి పంపేది. తలుపు మూశాక సందులోంచి ఆమె గొంతు బయటికి వచ్చేది. సోయుజ్ మాట దగ్గరికి వచ్చేసరికి మొదటి ఆటలో ఆమె ముద్ర పక్కన పెట్టి చెవులు మూసుకుంది. రెండో ఆటకు అలవాటైంది. సాయంత్రానికి ఆ మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం కూడా మొదలైంది. పన్ను నొప్పి పెట్టే చోటికే నాలుక పోతుందే, అలాగ.

ఆ మంగళవారమే నేరేడ్‌మెట్ స్కూలు పిల్లల్ని సైన్సు టీచరు సుకన్య తీసుకొచ్చింది. ఆమె ఏటా తెస్తుంది. ఆట అయ్యాక వరుసలోంచి ఒక అమ్మాయి తప్పుకుని కౌంటరు అద్దం దగ్గరికి వచ్చింది. రెండు జడలు, భుజానికి పెద్ద బ్యాగు.

“మేడమ్, లోపల చెప్పింది మీరే గదా?”

“బోర్డు మీద కల్పలత అని ఉంది గదమ్మా.”

“కాదు మేడమ్, మీరే. పోయినేడు సుత విన్న నేను. నా పేరు జన్నత్, ఎనిమిదో తరగతి.” ఆ అమ్మాయి అద్దానికి మొహం ఆనించి నవ్వింది. “మీ గొంతు నాకు ఎరుకే.”

ఇన్ని రోజుల్లో తన గొంతును తనకిచ్చిన మొదటి మనిషి ఆ పిల్ల. ఖుష్నుమా అద్దం వైపు వంగింది. నిజం చెప్పాలనుకుంది. అంతలో సుకన్య పిలిచింది. బస్సు హారను కొట్టింది. జన్నత్ చెయ్యి ఊపుతూ పరుగెత్తింది. పోనీలే, శనివారం తర్వాత ఎలాగూ సరిదిద్దుతారు, అప్పుడు మళ్ళీ రమ్మని చెబుదాం అనుకుంది ఖుష్నుమా.

గురువారం మధ్యాహ్నం సుకన్య ఒక్కతే స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ కౌంటరు మీద పెట్టి, నిలబడే అడిగింది.

“మేడమ్, మీ కొత్త షోల అట్ల ఎందుకు చెప్పిన్రు? సోయుజ్ ఒక్కటే అని?”

ఖుష్నుమా చేతిలోని ముద్ర పక్కన పెట్టింది.

“నిన్న బేగంపేటల ఇంటర్ స్కూల్ క్విజ్ అయింది. మా పిల్లలు ఫైనల్‌కి వచ్చిన్రు, మా స్కూల్‌కి ఇదే ఫస్ట్ టైమ్. లాస్ట్ క్వశ్చన్ ఇదే. అంతరిక్ష కేంద్రానికి ఇప్పుడు మనుషుల్ని ఏ దేశాల వెహికల్స్ తీసుకపోతున్నయని. జన్నత్ రష్యా ఒక్కటే అన్నది. గెలిచిన టీమ్‌ని శ్రీహరికోటకు రాకెట్ లాంచ్ చూపించనీకి తీస్కపోతున్నరు.” సుకన్య హెల్మెట్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “ఆ పిల్లకు కరెక్ట్ ఆన్సర్ తెలుసు మేడమ్. పోయినేడు మీరు చెప్పిందే ఆమె బుక్కుల రాసుకుంది. ఎందుకు మార్చినవ్ అంటే ఏమన్నదో ఎరుకనా? ‘ఖుష్నుమా మేడమ్ ఎప్పుడు కొత్తదే చెప్తది టీచర్. నిన్న మల్ల మార్చి చెప్పింది, అంటే ఇప్పుడు వేరే ఓడలు బంద్ అయినయేమో అనుకున్న’ అంటది. ఏడుస్తనే ఉంది పొద్దటి సంది.”

కౌంటరు లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా ఖుష్నుమాకు చెమటలు పట్టాయి. తన పద్ధతి. పేపరు చూసి, మాట మార్చి, తాజాగా చెప్పే తన పద్ధతి. దాన్ని అంత దూరం నమ్మిన పిల్ల ఒకతి ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“రికార్డింగ్ పాతది మేడమ్” అంది చివరికి. “వాళ్ళు పాతది ఏసిన్రు.”

“మీకు చెప్పకుండనా?”

“నాకేం చెప్తరు? పేరే తీసేసిన్రు.”

సుకన్య వెనక్కి తిరిగి బోర్డు చూసింది. ఆమె మొహంలో కోపం దిశ మార్చుకుంది. “ఇదేం అన్యాయం మేడమ్!” అంది. ఆ మాట వినడం ఖుష్నుమాకు ఎంత బాగుందంటే, తను ఇంకా చెప్పాల్సింది ఒకటి మిగిలి ఉందని ఆ క్షణాన మరిచిపోయింది. మరిచిపోవాలనుకుంది.

“శనివారం ఓపెనింగ్‌కి పిల్లల్ని తీసుకరాన్రి మేడమ్” అంది. “జన్నత్‌ను తప్పకుండ తీసుకరాన్రి. ఎవరి తప్పో ఆనాడు అందరి ముంగట తేలుతది.”

సుకన్య వెళ్ళాక కలీముల్లా వచ్చాడు. కౌంటరు వెనక గదిలో కేబుళ్ళు చుడుతూ అంతా విన్నాడు.

“ఆపా, ఇగ చాలు. సార్‌కి చెప్పు. ఈ పొద్దే సరిజేద్దాం.”

ఖుష్నుమా లేచింది. నిజంగానే లేచింది. ఆ అమ్మాయి ఏడుస్తోందన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. వరండా దాటి మేనేజరు గది తలుపు తోసింది. లోపల ఇద్దరు స్పాన్సర్లు కూర్చుని ఉన్నారు. రాఘవేందర్ ఫోనులో మాట్లాడుతూ, ఆమె నోరు తెరవకముందే చెయ్యి ఎత్తి ఆపాడు. ఫోను చేత్తో మూసి నవ్వాడు.

“టైముకొచ్చిన్రు మేడమ్. జెర మూడు చాయ్ చెప్పున్రి. ఆఁ, ఇంకొకటి. శనివారం ఫోటోలు తీసేటప్పుడు మీరు కౌంటర్ కాడనే ఉండున్రి. కల్పలత ఎవరని ఎవరన్న అడిగితే, ఊరికి పోయిందని చెప్పున్రి.”

స్పాన్సర్లలో ఒకతను నవ్వాడు. ఖుష్నుమా టీ చెప్పింది. చెప్పి వచ్చి కౌంటరులో కూర్చుంది. కలీముల్లా ఆమె మొహం చూసి మళ్ళీ కేబుళ్ళ దగ్గరికి పోయాడు. చేతికందిన కాగితం మీద ఆమె ముద్ర కొట్టుకుంటూ పోయింది, సిరా అయిపోయిందాకా. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు కూడా వీడి ఖాతాలోనే పడాలి. వీడు పేరు తీయకపోతే తను నోరు మూసుకునేదే కాదు. శనివారం అన్నిటికీ కలిపి వసూలు చేయాలి.

శనివారం తలుపుకు బంతిపూల దండలు కట్టారు. ట్రస్టు పెద్ద వీరయ్య పట్టు కండువాతో వచ్చాడు. రాఘవేందర్ కొత్త సూటు వేశాడు. ఖుష్నుమా మాత్రం కౌంటరుకు తాళం వేసి, చిలకపచ్చ చీర కొంగు సవరించుకుని, నక్షత్రశాల తలుపు లోపల నిలబడింది. ఆమెను కౌంటరుకు పొమ్మని చెప్పే తీరిక రాఘవేందర్‌కు దొరకలేదు.

సదాశివ పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. దండ వేస్తే తీసి పక్కన పిల్లవాడి చేతికిచ్చాడు. బోర్డు దగ్గర ఆగి, అద్దాలు సవరించుకుని, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాడు. అలా చదివే మనిషి లోపల కూడా శ్రద్ధగా వింటాడని ఖుష్నుమాకు అనిపించింది.  సుకన్య తన పిల్లలతో మూడో వరుసలో కూర్చుంది. జన్నత్ అంచు కుర్చీలో ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఖుష్నుమాను చూసి చిన్నగా తల ఊపింది.

దీపాలు ఆరాయి. ఓడలు ఎగిరాయి, ఓడలు పోయాయి, ఆఖరిది దిగి ఆగింది. కొత్త కాప్స్యూల్ వచ్చి అతుక్కుంది. భుజాన మన జెండా ఉన్న మనిషి తేలుతూ లోపలికి వచ్చి చెయ్యి ఊపాడు.

‘మన దేశం మాట ఎత్తకండి’ అంది గొంతు.

వెనక వరుసల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. ‘మళ్ళీ ఎవరన్నా వెళ్తారో లేదో’ అనేసరికి నవ్వు గట్టిదైంది. మొదటి వరుసలోంచి సదాశివ గొంతు వినిపించింది. “ఆపండి. లైట్స్ వేయండి.”

కలీముల్లా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు దీపాలు వేశాడు.

సదాశివ లేచి నిలబడ్డాడు. అరవలేదు. “పైకి పోబోయే వాళ్ళ గుండె చప్పుడు ఈ చెవులతో విన్నవాణ్ణి నేను. ఇంకా శిక్షణలోనే ఉన్నారు వాళ్ళు. బొమ్మలో మనవాడు చెయ్యి ఊపుతుంటే మన దేశం మాట ఎత్తొద్దంటారేంటి? ఎవరండీ ఈ కల్పలత? ఒకసారి పిలవండి.”

రాఘవేందర్ లేచాడు. సూటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు. ఖుష్నుమా కన్నార్పకుండా చూసింది. ఎన్ని రోజులు ఈ మొహం కోసం ఎదురుచూసింది! ఊరికి పోయిందని చెప్పు, చెప్పు చూద్దాం అనుకుంది. కాని అతను నవ్వాడు. అదే నవ్వు.

“సార్, కల్పలత అని ఉత్తగనే పెట్టినం. గొంతు మా ఖుష్నుమా మేడమ్‌ది. అగో, తలుపు కాడ ఉన్నది. మొత్తం ఆమె చెప్పిందే సార్. సీనియర్ గదా అని మేం నమ్మినం. తప్పు పోయిందని ఒక్క ముక్క మాకు చెప్పలేదు.”

గొప్ప పని చేస్తే పెట్టడానికి పనికిరాని పేరు, నింద మోయడానికి మనిషి కావాల్సి వచ్చేసరికి ఎంత చక్కగా నోరు తిరిగింది అతనికి! హాలంతా ఖుష్నుమా వైపు తిరిగింది.  కోపం ఆమెను నడిపించింది. మెట్లు దిగి మొదటి వరుస ముందుకు వచ్చి నిలబడింది. పోయిన నెల మూలన పెట్టిన ఆమె మైకు ఇంకా అక్కడే స్టాండుకు ఉంది. కలీముల్లా దానికి ప్రాణం పోశాడు. టక్ మని చప్పుడు వచ్చింది.

“గొంతు నాదే సార్. షటిల్‌లు ఆగిపోయిన మర్సటేడు చెప్పిన మాటలు. ఆనాడు నిజమే.”

“ఇప్పుడు తప్పని మీకు తెలియదా అమ్మా?”

“ఎరుకే సార్. సోమవారం సంది ఎరుకే. నా పేరు తెలుగు పేరు కాదన్నరు. తెలుగు పేరున్న మనిషిని పెట్టుకున్నరు. ఏదన్న ఉంటే ఆ కల్పలత మేడమ్‌నే అడుగుతరేమో అనుకున్న. నన్నైతే ఎవ్వరు అడగలె.”

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. స్పాన్సర్లు కూడా నవ్వారు. సదాశివ నవ్వలేదు. రాఘవేందర్ వైపు తిరిగి, “తెలుగు పేరు కాదంటే ఏంటండీ?” అని అడిగాడు. రాఘవేందర్ నోరు తెరిచాడు. నవ్వు రాలేదు. మొట్టమొదటిసారి ఆ నవ్వు రాలేదు. వీరయ్య కుర్చీలోంచే, “ఆ బోర్డు తీపియ్యి, ఇప్పుడే” అన్నాడు. అంతటితో ఆగకుండా, “షో బంద్ పెట్టు. ఆమె చెప్పిందాక బంద్” అన్నాడు. రాఘవేందర్ కొత్త సూటులో చెమటతో తడిసి, వాచ్‌మన్‌ను తనే వెతుక్కుంటూ మెట్లెక్కి పోయాడు. ఖుష్నుమా ఆ వీపును తలుపు దాటిందాకా చూసింది. ఒళ్ళంతా చల్లబడ్డట్టయింది. అమ్మకు ఈ ముక్క ఎలా చెప్పాలో అప్పుడే మాటలు పేర్చుకుంది.

“ఖుష్నుమా గారూ, మీరే చెప్పండి పిల్లలకి” అన్నాడు సదాశివ. ఆ పేరును ఆయన ఎక్కడా తడబడకుండా పలికాడు. “ఇప్పుడున్నదేదో చెప్పండి.”

ఆమె మైకు చేతిలోకి తీసుకుంది. మూడో వరుసలో అంచు కుర్చీలోంచి జన్నత్ లేచి నిలబడింది.

“మేడమ్, సోమవారం సందే ఎరుకనా మీకు?”

 పెద్దవాళ్ళకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. సుకన్యకు అర్థమైంది. చేత్తో నోరు మూసుకుంది.

“మేం వచ్చింది మంగళవారం మేడమ్” అంది జన్నత్. “నేను మీ కాడికి వచ్చి అడిగిన గదా.”

ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిపోనప్పుడు టీచరును అడిగినట్టు అడిగింది. కోపమైతే ఖుష్నుమా తట్టుకునేది. కోపానికి జవాబు ఎలా చెప్పాలో ఆమెకు తెలుసు. వారం రోజులుగా అదే నేర్చుకుంది. రాఘవేందర్ పేరు చెబుదామనుకుంది. నోట్లోకి వచ్చింది కూడా. కాని మంగళవారం ఆ కౌంటరు దగ్గర రాఘవేందర్ లేడు. అద్దానికి ఇటు తను, అటు ఈ పిల్ల, అంతే.

“ఎరుకే అమ్మా” అంది. మైకు నోటికి దగ్గరగా ఉందని ఆమె మరిచిపోయింది. ఆ రెండు మాటలూ గుమ్మటమంతా వినిపించాయి.

జన్నత్ సరేనన్నట్టు తల ఊపి కూర్చుంది. ఒళ్ళో ఉన్న పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకుంది.

కలీముల్లా దీపాలు సగానికి తగ్గించి, కాప్స్యూల్ బొమ్మ మళ్ళీ వేశాడు. తలుపు బయట బోర్డు మరలు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఖుష్నుమా మొదలుపెట్టింది. ఓడలు ఆగిపోయినా మనిషి ఆగలేదని చెప్పింది. ఇప్పుడు రష్యా వాళ్ళ సోయుజ్‌తో పాటు అమెరికా కంపెనీ కాప్స్యూల్ కూడా కేంద్రానికి మనుషుల్ని మోస్తోందని, చైనా వాళ్ళు సొంత కేంద్రానికి సొంత ఓడలో పోతున్నారని, మనవాళ్ళు మన ఓడ కోసం శిక్షణలో ఉన్నారని చెప్పింది. అన్నీ సరైన మాటలే. సదాశివ తృప్తిగా వింటున్నాడు. వెనక వరుసల పిల్లలు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు.

జన్నత్ పైకి చూడలేదు. ఖుష్నుమా ఒక్కో సంగతి చెప్పినప్పుడల్లా ఆ అమ్మాయి పక్కనున్న సుకన్య మొహం చూసింది. అది నిజమేనని సుకన్య తల ఊపాకే మళ్ళీ ముందుకు తిరిగింది.